కంచెను అడుగు లోపలికి జరిపితే తగాదా తీరుతుందా?

పొరుగువారితో పేచీ ఎందుకని చాలామంది కంచెను హద్దు మీద కాకుండా ఓ అడుగు లోపలికి జరిపి వేసుకుంటారు. పెద్దలూ అదే సలహా ఇస్తారు. మంచి మనసుతో చేసే ఈ పనే తర్వాత పెద్ద తగాదాకు దారి తీస్తుందని నా వాదన.

వదిలేసిన ఆ అడుగు ఎవరిదో మొదట్లో ఇద్దరికీ తెలుసు. కొన్నాళ్లకు అటువైపువాళ్లు అక్కడ మొక్కలు పెడతారు, ఆపైన ఓ షెడ్డు లేస్తుంది. ఇంతలో ఇల్లు చేతులు మారుతుంది. కొత్తగా కొన్నవారికి కనిపించేది కంచె ఒక్కటే. దాన్నే హద్దు అనుకుంటారు. అది దురాశేమీ కాదు.

పటం చూసుకుంటే సరిపోదా అంటే, అన్నిసార్లూ సరిపోదు. 1:1250 స్కేలు పటంలో అర మిల్లీమీటరు మందం ఉన్న గీత నేల మీద 62.5 సెంటీమీటర్ల వెడల్పు అవుతుంది. కోర్టుకెక్కే జాగా చాలాసార్లు ఆ గీత మందంలోనే ఉంటుంది!

కాలం గడిచేకొద్దీ చట్టం కూడా అనుభవంలో ఉన్నవారి వైపు మొగ్గవచ్చు. భారతదేశంలో 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం, ప్రైవేటు స్థలాన్ని ఇతరులు యజమాని హక్కును కాదని బాహాటంగా, ఎడతెగకుండా 12 ఏళ్లు అనుభవిస్తే, దాన్ని తిరిగి రాబట్టుకునే దావాకు గడువు తీరిపోతుంది. కాలిఫోర్నియాలో ఐదేళ్లే, కాకపోతే ఆ స్థలానికి పన్ను కూడా వాళ్లే కట్టి ఉండాలి.

అయితే అనుమతితో సాగే అనుభవం ఎన్నేళ్లయినా ఇలాంటి హక్కుగా మారదు. అందుకే కంచె లోపలికి వేస్తే, అసలు హద్దు ఎక్కడుందో, మిగిలిన జాగాను ఎవరి అనుమతితో వాడుకుంటున్నారో ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. కాగితం అడిగితే నొచ్చుకుంటారన్న మొహమాటం సహజమే. కానీ స్నేహం బాగున్న రోజునే ఆ మాట తేలిగ్గా అడగగలం.

నన్నడిగితే, సర్వే చేయించి హద్దు మీదే ఉమ్మడి కంచె వేసుకోవడం ఇంకా మేలు. కాలిఫోర్నియాలో 2014 నుంచి అమల్లో ఉన్న చట్టం ఉమ్మడి కంచె ఖర్చును సాధారణంగా చెరిసగం అనుకుంటుంది. పని మొదలుపెట్టే 30 రోజుల ముందే ఖర్చు అంచనా, వాటాలు, గడువు రాసి నోటీసు ఇమ్మంటుంది. మాట ముందు, గుంజలు తర్వాత అన్న ఈ వరస నాకు నచ్చింది.

ఇప్పటికే కంచె తప్పు చోట ఉందనిపిస్తే మాత్రం రాత్రికి రాత్రి పీకేయకండి. కోర్టు నుంచి ఇంజంక్షన్, అంటే మీ పని ఆపమనే ఉత్తర్వు, తెచ్చుకోవడానికి ఎదుటివారికి మీరే కారణం ఇచ్చినట్లవుతుంది. ముందు ఇద్దరి సమక్షంలో కొలతలు వేయించండి, సర్వేయర్‌ను ఇద్దరూ ఒప్పుకున్నాకే పిలవండి.