జెనీవాకున్నదేంది, వరంగల్‌కు లేనిదేంది?

వరంగల్‌లో ఓడల కంపెనీ పెడదామంటే, మనకు సముద్రం లేదు కదా, ఆ వ్యాపారం మనకెందుకని పెదవి విరిచేవాళ్లు ఒకసారి మ్యాపు తీసి చూడాలి. ప్రపంచంలోకెల్లా పెద్ద కంటైనర్ ఓడల కంపెనీ ఎంఎస్‌సీ హెడ్డాఫీసు జెనీవాలో ఉంది. అంటే స్విట్జర్లాండ్‌లో. ఆ దేశానికి సముద్రం లేదు. జెనీవా పక్కన ఉన్నది ఒక్క సరస్సు. మనకు భద్రకాళి చెరువుంది, వడ్డేపల్లి చెరువుంది, కొంచెం దూరం పోతే పాకాల, లక్నవరం. లెక్కన మనమే ముందున్నాం.

ఆ కంపెనీ 1970లో ఒక్క పాత ఓడతో మొదలైంది. 2022 వచ్చేసరికి డెన్మార్క్ వాళ్ల మెర్స్క్‌ను దాటేసింది. వాళ్ల ఇరీనా అనే ఓడ పొడవు దాదాపు 400 మీటర్లు. 20 అడుగుల డబ్బాల లెక్కన 24,346 కంటైనర్లు మోస్తుంది. పనిలేక కూర్చుని గుణించాను. వాటిని హన్మకొండ చౌరస్తా నుంచి ఒకదాని వెనక ఒకటి పెట్టుకుంటూ పోతే వరస దాదాపు హైదరాబాద్ దాకా వస్తుంది. చివరి డబ్బాలు ఉప్పల్‌లో ఆగిపోయినా ఫర్వాలేదు, అక్కడ ఎవరూ గుర్తుపట్టరు.

అనుభవం ఏదీ అని అడుగుతారు. చెప్తాను. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే ఓడ సూయెజ్ కాలువలో అడ్డం తిరిగి, 6 రోజులు దారి మూసేసింది. ఆ ఓడ ఎవరిది? సొంతదారు జపాన్ కంపెనీ. నడిపించేది తైవాన్ కంపెనీ. మేనేజ్‌మెంటు జర్మనీ వాళ్లది. జెండా, అంటే రిజిస్ట్రేషన్, పనామాది. లోపల పనిచేసే 25 మందీ మన దేశం వాళ్లు.

పోయిన ఎండాకాలం మా గల్లీలో ఒక డీసీఎం ఇట్లాగే అడ్డం తిరిగింది. ఎవరో ఇల్లు మారుతున్నారు. వెనక డోరులోంచి బయటికి పొడుచుకొచ్చిన బీరువా కాలు కరెంటు స్తంభానికి తట్టుకుంది. బండి ముందుకూ పోదు, వెనక్కీ రాదు. ఆర్సీ బావమరిది పేరు మీద, ఫైనాన్సు తోడల్లుడి పేరు మీద, తోలేది పక్క జిల్లా పిల్లగాడు. ఓనరెవరని అడిగితే ముగ్గురికి ఫోన్ చేశాడు. ఆ ముగ్గురూ ఇంకో ముగ్గురి పేర్లు చెప్పారు. అంతర్జాతీయ నౌకా వ్యాపారానికి ఇంతకన్నా ఏం అర్హత కావాలి?

జెండా గురించి టెన్షన్ అక్కర్లేదు. సముద్రం చుక్క కూడా లేని మంగోలియాకు ఓడల రిజిస్ట్రీ ఉంది. అది నడిచేది సింగపూర్ నుంచి.

ఇక అసలు కిటుకు 'జనరల్ యావరేజ్'. ఓడ ఆపదలో పడితే దాన్ని గట్టెక్కించడానికి అయిన ఖర్చును, ఓడ యజమానితో పాటు అందులో సరుకు వేసుకున్న వాళ్లందరూ విలువను బట్టి తలా ఇంత పంచుకోవాలి. శతాబ్దాల నాటి పద్ధతి. ఎవర్ గివెన్ యజమాని కూడా దీన్నే ప్రకటించాడు. ఇరుక్కున్నది ఓడ, జేబులు తడుముకున్నది లోపల డబ్బా ఉన్నవాడు.

ఇది చదివి మా మేనమామకు ఫోన్ చేశాను. ఆయన నవ్వి, "దాన్ని మా దిక్కు తరుగు అంటరు అల్లుడా" అన్నాడు. ఆయన వడ్లు కొన్న వ్యాపారి తేమ ఉందని బస్తాకు కిలో, తాలు ఉందని ఇంకో కిలో కోశాడు. పంటికింద వేస్తే గింజ టక్కున విరిగేంత ఎండిన వడ్లు. తర్వాత లారీ టైరు పేలి రెండు రోజులు ఆలస్యమైంది. ఆ రెండు రోజుల్లో వడ్లు ఇంకా ఎండి తూకం తగ్గిందని మరో కోత. తేమ ఉన్నా తరుగే, లేకున్నా తరుగే. టైరు మాత్రం ఆయనది కాదు.

ఇట్లా మనిషి, అనుభవం, చెరువు అన్నీ కుదిరాయి. ఒక్కటే అడ్డం వచ్చింది, అదీ మన ఓరుగల్లు రాజే పెట్టాడు. 1244లో గణపతిదేవుడు మోటుపల్లి రేవులో ఒక అభయశాసనం వేయించాడు. తుఫానుకు చెదిరి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అంతకుముందు రాజులు గుంజుకునేవారట. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రంలోకి దిగిన వర్తకుల మీద దయతో, సుంకం తప్ప మిగతాదంతా వాళ్లకే వదిలేస్తున్నామని రాయి మీద చెక్కించాడు. ఆ సుంకం కూడా ముప్పయ్యింట ఒక వంతు. తేమ ప్రస్తావన లేదు. తాలు ప్రస్తావన అసలే లేదు.

ఈ రాజు మాట పట్టుకుంటే కంపెనీ మొదటి ట్రిప్పుకే మునుగుతుంది. భయపడి ఒక లాయర్‌ను కలిశాను. ఆయన రెండు నిమిషాలు ఆలోచించి ధైర్యం చెప్పాడు. మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉందట, ఆంధ్రప్రదేశ్. ఆ శాసనం మన రాష్ట్రానికి వర్తించదట.