మూడు గుంతల మట్టికి క్లీన్ చిట్టా?

విజయవాడ నగర శివారులో ఎప్పుడో మూతబడిన ఫ్యాక్టరీ స్థలం అది. ప్లాట్లు వేయడానికి ముందు మట్టి పరీక్షలు చేయించి నివేదిక పెట్టారు. దాని సారాంశం ఒక్క వాక్యం: సీసం, క్రోమియం స్థాయిలకు, పరిసరాల్లోని సహజ స్థాయికి మధ్య గణాంకపరంగా తేడా లేదు. ఇంకేం, ఇళ్లు కట్టుకోవచ్చట! ఇంత ధీమాకు ఆధారం స్థలంలో మూడు చోట్ల, బయట మూడు చోట్ల తవ్విన మట్టి.

ఆ లెక్క ఎలా పనిచేస్తుందో చూస్తే ఒళ్లు మండుతుంది. వాడింది మాన్-విట్నీ పరీక్ష. ఆరు ఫలితాలనూ చిన్నదాని నుంచి పెద్దదాకా వరసలో పెట్టి, స్థలానివి ఎక్కడ పడ్డాయో చూస్తారు. మూడేసి నమూనాలతో సాధ్యమయ్యే అమరికలు మొత్తం 20. స్థలంలోని మూడూ బయటి మూడింటినీ మించిపోయాయనుకుందాం. అది కాకతాళీయంగా జరిగే అవకాశం ఇరవైలో ఒకటి. ఎక్కువా తక్కువా రెండూ చూసే పరీక్షలోనైతే పదిలో ఒకటి, అంటే 10 శాతం. తేడా ఉందని ఒప్పుకోవడానికి మామూలుగా పెట్టుకునే గీత 5 శాతం. ఆ గీత దాకా ఈ రెండు వైపులా చూసే పరీక్ష ఎన్నటికీ దిగదు. సీసం వంద రెట్లున్నా, వెయ్యి రెట్లున్నా వచ్చే జవాబు ఒక్కటే: తేడా రుజువు కాలేదు. జవాబు ముందే ఖాయమైనప్పుడు మట్టిని ల్యాబ్‌కు పంపడం కూడా దండగే.

రుజువు కాలేదన్న మాట ఫైలు నాలుగు టేబుళ్లు దాటేసరికి కాలుష్యం లేదన్న మాటగా మారిపోతోంది. మా అభ్యంతరం అక్కడే.

రెండో పద్ధతి ఇంకా విడ్డూరం. బయటి నమూనాల సగటుకు ప్రామాణిక విచలనాన్ని (విలువలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే అంకెను) కొన్ని రెట్లు చేసి కలిపి పైగీత గీస్తారు. స్థలంలోని విలువ ఆ గీత దాటితేనే కాలుష్యం అంటారు. సహజ విలువల్లో 95 శాతం ఆ గీత లోపలే ఉంటాయని 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే 30 నమూనాలకు సుమారు 2.2 రెట్లు కలిపితే చాలు. 10 అయితే 2.9 రెట్లు, 5 అయితే 4.2. మూడే అయితే 7.6 దాటిపోతుంది. తెలిసింది తక్కువైనప్పుడు గీత పైకి పోవడం గణితంలో సబబే. ఆ వెసులుబాటు ఎవరికి దక్కుతోందన్నది ప్రశ్న. తక్కువ తవ్విన వాడికి! శాంపిల్ ఖర్చు మిగుల్చుకున్నందుకు బహుమతిగా కాలుష్యానికి ఎక్కువ చోటు. దీన్ని ఒకసారి ఆమోదిస్తే రేపు నాలుగో గుంత ఎవడు తవ్వుతాడు?

నల్లరేగడిలో క్రోమియం, నికెల్ సహజంగానే కొంత ఎక్కువుంటాయని, పరీక్షలు ఖరీదైనవని కన్సల్టెంట్లు అంటారు. నిజమే. అందుకే బయటి మట్టిని ఒళ్లు దగ్గర పెట్టుకుని ఎంచుకోవాలి. కృష్ణా ఒండ్రు మీద ఉన్న స్థలాన్ని గుంటూరు రేగడితో పోల్చడం మోసం. మిర్చి, పత్తి చేలల్లో ఏళ్ల తరబడి రాగి మందులు కొట్టారు, అక్కడి రాగి సహజం ఎలా అవుతుంది? దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగింది గానీ, అంతకుముందు పొగ గొట్టాల నుంచి హైవే పక్క మట్టిలో చేరిన సీసం ఎక్కడికీ పోలేదు. ఇక 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్ నగర్‌ను ముంచి ఇళ్లలోకి మేటలుగా తెచ్చిపోసిన బురద సంగతి సరేసరి. అలాంటి చోట్ల గుంత తీసి ఇదే మా సహజ స్థాయి అంటే నమ్మాలా? మురికిని మురికితో పోలిస్తే తేడా ఎందుకు కనిపిస్తుంది?

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చెబుతుంది. ఫ్యాక్టరీ మట్టి అలా కాదు. పాత బ్యాటరీలు పగలగొట్టిన మూల ఒకటుంటుంది, డ్రమ్ములు కారిన చోటు ఇంకొకటి, మిగతాదంతా శుభ్రంగా ఉండొచ్చు. మధ్యస్థాయి విలువల వైపు చూసే పరీక్షలు ఆ మూలను పట్టవు. పైకొసన ఉన్న విలువలను వెతికే క్వాంటైల్ పరీక్ష పక్కన ఉండాల్సిందే. యంత్రం కొలవగల కనిష్ఠ హద్దు కంటే తక్కువన్న ఫలితాల చోట ఆ హద్దులో సగం అంకె వేసి సరిపెట్టే అలవాటూ మానాలి. వాటికి వేరే పద్ధతులున్నాయి, ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా ఉంది.

ఇందులో కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. అమెరికా పర్యావరణ సంస్థ 2002లోనే రెండు దారులు చూపింది. స్థలం శుభ్రమని మొదలుపెట్టి కాలుష్యాన్ని రుజువు చేయమనడం ఒకటి. కలుషితమని మొదలుపెట్టి, శుభ్రమని రుజువు చేయమనడం రెండోది. రెండో దారిలో నమూనాలు తక్కువైతే నష్టం స్థల యజమానికే, కాబట్టి తవ్వమని ఎవరూ బతిమాలనక్కర్లేదు. మన దగ్గర మొదటి దారే ఎందుకు ముద్దొస్తోంది? కలుషిత స్థలాల నిర్వహణపై కేంద్రం 2025 జులైలో నిబంధనలు తెచ్చింది. శుద్ధి ఖర్చు కలుషితం చేసినవాడిదే అంది. మూడు గుంతలతో ఎవడూ కలుషితం చేయలేదని తేలిపోతుంటే ఆ ఖర్చు ఎవరి దగ్గర వసూలు చేస్తారు?

రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి కేంద్ర కార్యాలయం ఉన్నది ఈ విజయవాడలోనే. నమూనాలు ఎన్ని, ఎక్కడ, ఏ పరీక్షకు అన్నది తవ్వకానికి ముందే రాయించుకోవాలి. ఎంత కాలుష్యం ఉంటే ఆ పరీక్ష పట్టగలదో నివేదిక మొదటి పేజీలోనే చెప్పించాలి. ముడి అంకెలను బయట పెట్టాలి. ఇవేవీ లేని నివేదిక మీద సంతకం పెట్టే అధికారి, ఆ ప్లాట్లలో ఒకటి తన పిల్లల కోసం కొంటాడేమో ముందు చెప్పాలి.