మచ్చల మరుగున

నేను ఇన్నేళ్లుగా రైఫిల్‌తో కాలుస్తున్నది కాగితాలను మాత్రమే. కాగితానికి కళ్లు లేవు, ముక్కు లేదు, గాలివాటున మన వాసన పసిగట్టి చెంగున దూకి పారిపోయే అలవాటు అసలే లేదు. వంద మీటర్ల దూరంలో చెక్క చట్రానికి నాలుగు పిన్నులతో బిగించి ఉంటుంది కనుక, నేను మేళతాళాలతో వెళ్లినా అది అక్కడే ఉంటుంది. ఇంత తెలిసి కూడా, మనిషిని చుట్టుపక్కల చెట్టుచేమలలో కలిపేసి కనిపించకుండా చేసే కొత్త క్యామొఫ్లాజ్ బట్టల నమూనాలు వచ్చాయని విన్న నాటి నుంచి, ఆ కాగితం నన్ను చూసేస్తోందేమో అన్న బెంగ నాకు పట్టుకుంది.

కేటలాగు తెప్పించుకుని వారం రోజులు పారాయణం చేశాను. ఒక నమూనాలో ఎండుటాకులు, బెరడు, పుల్లలు ఫొటో తీసినంత స్పష్టంగా ఉన్నాయి. మరొక దానిలో అన్నీ చిన్న చిన్న గళ్లే, దగ్గర నుంచి చూస్తే పాడైపోయిన టీవీ తెరలా ఉన్నాయి. పెద్ద మచ్చలు దూరం నుంచి చూసేవారికి మనిషి ఆకారాన్ని ముక్కలు చేసి చూపుతాయని, చిన్న మచ్చలు దగ్గర చూపును మోసగిస్తాయని, చిన్నవి మాత్రమే ఉంటే దూరాన అవన్నీ కలిసిపోయి మనిషి ఆకారంలోనే ఒక ముద్ద కనిపిస్తుందని అప్పుడే తెలుసుకున్నాను. అమెరికా సైన్యం 2004లో అడవికి, ఎడారికి, నగరానికి కలిపి ఒకే బూడిదరంగు గళ్ల నమూనాను ఎంచుకుంది. అది ఎక్కడా సరిగా ఇమడకపోవడంతో 2010లో అఫ్ఘనిస్తాన్ వెళ్లే సైనికులకు వేరే నమూనా ఇవ్వవలసి వచ్చింది. 2015 నుంచి మొత్తంగా మార్చడమే మొదలుపెట్టింది. అంత పెద్ద సైన్యం చేసిన పొరపాటు నేను చేయకూడదనుకుని, మా రేంజ్‌లో, అంటే కాల్పుల మైదానంలో, నేను గురిపెట్టడానికి పడుకునే చోట నుంచి నాలుగు గడ్డిపరకలు తెంపి తెచ్చి, చీరకు జాకెట్టు గుడ్డ జత చూసినంత శ్రద్ధగా ఒక్కొక్క నమూనా పక్కన పెట్టి చూసి, చివరకు ఒకటి ఖాయం చేశాను. చొక్కా, ప్యాంటు, టోపీ, చేతి తొడుగులు, కింద పరుచుకునే చాప, సామాను సంచి, అన్నీ అదే నమూనాలో తెప్పించాను. ఆ జత ఎంత చక్కగా కుదిరిందో తరువాత తెలిసింది.

అక్కడితో ఆగినా బాగుండేది. అదే నమూనాలో గుడ్డ టేపు కూడా దొరుకుతుందని కేటలాగు ఆఖరి పేజీలో ఉంది. జిగురు లేకుండా తనకు తానే అతుక్కునే ఆ టేపు చేతికి వచ్చిన రాత్రి, 1915లో ఫ్రెంచి సైన్యం చిత్రకారులను పోగుచేసి క్యామొఫ్లాజ్ దళాన్ని ఏర్పాటు చేసిన సంగతి తలుచుకుని, నేను కూడా ఆ పరంపరలో వాణ్ణేనన్న గర్వంతో రైఫిల్‌ను బల్లపై పడుకోబెట్టి చుట్టడం ప్రారంభించాను. ముందు రైఫిల్‌ను నిలబెట్టే బైపాడ్ రెండు కాళ్లకూ కట్టు కట్టాను, అది ప్రమాదంలో గాయపడి ఇంటికి వచ్చిన దానిలా తయారైంది. తరువాత భుజానికి తగిలించుకునే స్లింగ్ కొక్కేలకు, గురి చూసే దుర్బిణి అయిన స్కోప్ గొట్టానికి, భుజానికి ఆనించే వెనుక భాగమైన బట్‌కు, చెవులకు పెట్టుకునే మఫ్‌లకు చుట్టాను. ఇంకా టేపు మిగిలింది. స్కోప్‌ను రైఫిల్‌కు పట్టి ఉంచే రింగుల మరలు బిగించే చిన్న పనిముట్టు, అలెన్ కీ కనిపిస్తే దాని పిడికీ నాలుగు చుట్లు వేశాను. ఎప్పుడూ ఎక్కడో పారేసుకుంటున్నానని ఆ కీని తీసుకుని ఒక భద్రమైన చోట పెట్టాను. ఎక్కడ పెట్టానన్నది ఆ రాత్రికి నాకు స్పష్టంగా తెలుసు.

వేటగాడైన నా మిత్రుడొకడు ఇదంతా చూసి, జింకకు ఎరుపు, నారింజ రంగులు సరిగా తెలియవని, నీలం మాత్రం బాగా తెలుస్తుందని, తళతళ తెచ్చే సబ్బుపొడితో ఈ బట్టలు ఉతికితే జింక కళ్లకు నేను మెరుస్తూ కనిపిస్తానని చెప్పాడు. నేను కాల్చేది జింకను కాదని గుర్తు చేశాను. మరి ఈ బట్టలెందుకని అడిగాడు. ఆ ప్రశ్న నాకు నచ్చలేదు.

ఆ ఆదివారం రేంజ్‌లో ఐదుగురం. నాది చివరి స్థానం, దాని పక్కనంతా మోకాలెత్తు గడ్డి. మొదటి ఐదు గుండ్లు కాగితంపై ఎడమవైపు ఎగువన పడ్డాయి. నా స్కోప్‌లో గురి సరిచేసే చక్రాన్ని ఒక్క క్లిక్కు తిప్పితే వంద మీటర్ల దగ్గర గుండు సుమారు 7 మిల్లీమీటర్లు జరుగుతుంది. లెక్క వేసుకుని కుడికి ఎనిమిది క్లిక్కులు, కిందికి ఆరు క్లిక్కులు తిప్పాను. తరువాతి ఐదూ కుడివైపు దిగువన పడ్డాయి. మళ్లీ తిప్పాను. ఈసారి ఐదు గుండ్లూ ఐదు దిక్కులకు పోయాయి. పాత రేడియోలో స్టేషను వెతికినట్టు అరగంట సేపు తిప్పిన తరువాత, స్కోప్‌ను వేలితో కదిపి చూస్తే అది రింగులలో హాయిగా ఊగుతోంది. టేపు చుట్టడానికి మరలు వదులు చేసి, మళ్లీ బిగించడం మరచిపోయాను. ఇక అలెన్ కీ కావాలి.

సరిగ్గా అప్పుడే కాల్పులు ఆపమన్న కేక వినిపించింది. అందరితో పాటు రైఫిల్ ఖాళీ చేసి, బోల్టు తెరిచి, గుండు కూర్చునే చాంబర్‌లో అది ఖాళీ అని చూపే నారింజరంగు ఫ్లాగు గుచ్చి, చాప మీద వదిలి కాల్పుల గీత వెనక్కి వచ్చాను. కాగితాలు మార్చి అందరూ తిరిగి వచ్చేదాకా ఎవరూ రైఫిల్ ముట్టుకోరాదు. ఆ నియమంలో మినహాయింపు లేదు, ఉండకూడదు కూడా. సరే, ఈలోగా కీ వెతుకుదామని సంచి బోర్లించాను. లేదు. ఉదయం సంచి విప్పినప్పుడు గడ్డిలో జారిపడి ఉంటుందనుకుని, మఫ్‌లు చెవులకు అలాగే ఉండగా, మోకాళ్ల మీద కూర్చుని పరక పరకా విడదీయసాగాను.

కొంత సేపటికి తలెత్తి చూస్తే నలుగురు షూటర్లూ, రేంజ్ ఆఫీసరు గారూ అటూ ఇటూ తిరుగుతూ గడ్డిలోకి తొంగి చూస్తున్నారు. ఆఫీసరు గారు ఒకసారి బైనాక్యులర్ పెట్టి కాగితాల వైపు కూడా చూశారు. నా కీ కోసం ఇందరు ఇంత శ్రమ పడుతున్నారే అని నా కళ్లు చెమర్చాయి. మఫ్‌లు తీసి, ఆయన వెనుకగా గడ్డిలో నుంచే అడిగాను.

"దొరికిందా సార్?"

"లేదండీ. ఇందాక ఇక్కడే ఉంది కదా, ఇంతలో ఎక్కడికి పోతుంది?" అన్నారాయన, దూరానికి చూస్తూనే.

"మచ్చలుంటాయి సార్. ఆకుపచ్చ, గోధుమరంగు."

"తెలుసండీ. ఆ మచ్చల వల్లే కదా ఈ తంటా. ఐదు రైఫిళ్లున్నాయి, నలుగురే మనుషులు. ఐదున్నర అడుగుల శాల్తీ కనిపించకపోతే నేను ఎవరికని సమాధానం చెప్పను?"

"ఐదున్నర అడుగులా? బెత్తెడు కూడా ఉండదు సార్" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగారు. నా ముఖానికి జానెడు పక్కన ఉన్న పొదను చూశారు. తరువాత నన్ను చూశారు. నేను లేచి నిలబడితే, నాలుగో స్థానం వాడు చేతిలోని నీళ్ల సీసా వదిలేశాడు.

నేను ముందుకు కాగితాల వైపు వెళ్లిపోయి ఉంటానేమోనన్న భయంతో రేంజ్ అంతా పావుగంటగా ఆగిపోయి ఉందని అప్పుడు తెలిసింది. ఆఫీసరు గారు నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే తేలిపోయేది. గదిలోకి వెళ్లి, నిప్పు ముక్కలాంటి నారింజరంగు జాకెట్టు ఒకటి తెచ్చి, వారం రోజులు ఎంచి ఎంచి కొన్న నా చొక్కా మీద తొడిగి, తన చేత్తోనే గుండీలు పెట్టారు. జింకకు పెద్దగా తెలియని ఆ రంగులో నేను మిగిలిన లోకమంతటికీ స్పష్టంగా కనిపిస్తూ, తక్కిన వారితో కలిసి కీ కోసం మరో పది నిమిషాలు గడ్డి దువ్వాను.

కాల్పులు మళ్లీ మొదలయ్యాక, బిగించే దారి లేక, ఊగే స్కోప్‌తోనే రైఫిల్ భుజానికి ఆనించాను. ఉదయం నుంచి బట్ కింద అరచేతికి ఏదో గట్టిగా గుచ్చుకుంటోంది. టేపు ముడత పడిందని అప్పటిదాకా సరిపెట్టుకున్నాను, కానీ ఇప్పుడు చిరాకుతో గోటితో ఒక పొర లేపాను. భద్రంగా, అడ్డంగా, నాలుగు చుట్ల కింద అలెన్ కీ పడుకుని ఉంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారని వినడమే గాని, ఆ పిల్లకు కూడా చంక రంగు దుస్తులే తొడిగిన వాళ్లను నేను ఎక్కడా వినలేదు.

సాయంత్రం వెళ్లేముందు రిజిస్టరులో సంతకం పెట్టబోతే, దొరికిన వస్తువుల పేజీలో ఆఫీసరు గారి గుండ్రని చేతిరాత కనిపించింది: "అలెన్ కీ, 1. మనిషి, 1. రెండూ సొంతదారుకే అప్పగించడమైనది."