పంపాలంటే పుచ్చుకునేవారుండాలి

మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యాలను వెనక్కి పంపేయాలని అనడం తేలిక. పంపే పద్ధతి వేరే సంగతి. పట్టుబడినవారి పేరు, ఊరు, జాతీయత వివరాలు విదేశాంగ శాఖ ద్వారా సొంత దేశపు రాయబార కార్యాలయానికి వెళ్లాలి. వాళ్లు ‘మావాళ్లే’నని ఒప్పుకుని ప్రయాణ పత్రం ఇవ్వాలి. 1982 నాటి పౌరసత్వ చట్టంతో రోహింగ్యాలను పౌరుల లెక్కలోంచే తీసేసిన మయన్మార్ ఆ పత్రం ఎందరికి ఇస్తుంది? 2018 అక్టోబరులో అస్సాంలో ఉన్న ఏడుగురిని మణిపూర్‌లోని మోరే సరిహద్దు వద్ద మయన్మార్‌కు అప్పగించారు. 2021 మార్చిలో జమ్మూలో పట్టుకున్న నూట యాభైమందికి పైగా మాత్రం హీరానగర్ సబ్‌జైలుకు చేరారు. శిక్షపడిన ఖైదీకి విడుదల తేదీ ఉంటుంది, వీరికి అదీ లేదు.

భద్రత భయం ఉత్తది కాదు. 2017 ఆగస్టు 25న మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రంలో పోలీసు ఠాణాలపై దాడి చేసింది అర్సా అనే రోహింగ్యా సంస్థ సాయుధులే. ఆపై సైన్యం విరుచుకుపడితే ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. హైదరాబాద్‌లోనూ అడ్డదారిన ఆధార్, ఓటరు కార్డులు సంపాదించినవారిపై కేసులున్నాయి. ఆ దొంగ కార్డు అవసరం ఎక్కడ పుడుతోందో కూడా చూడాలి. బాలాపూర్ గుడిసెల్లో ఉండే కూలీ దగ్గర ఐరాస శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు ఉంటుంది: ఫొటో, నంబరు, గడువు తేదీ. దాన్ని చూపితే బ్యాంకు ఖాతా తెరవరు. కేంద్రం దాన్ని నివాస హక్కుగా గుర్తించదు. దొంగ కార్డులమ్మే దళారికి అంతకన్నా ఏం కావాలి?

1951 శరణార్థి ఒప్పందంపై మనం సంతకం చేయలేదు. చేస్తే చేతులు కట్టేసినట్టవుతుందని మనవాళ్ల భయం. ఆ ఒప్పందంలోని 33వ అధికరణం రెండో క్లాజు చదివితే అది సగం తీరుతుంది. ప్రాణహాని ఉన్నచోటికి తిప్పి పంపకూడదన్న రక్షణ, దేశ భద్రతకు ముప్పని నమ్మేందుకు సహేతుక కారణాలున్న శరణార్థికి వర్తించదు. ఆ కారణాలు మనిషి మనిషికీ విడిగా తేల్చాలి, జాతి మొత్తానికి ఒకే ముద్ర కుదరదు. మన సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్ 8న పంపివేతపై స్టే ఇవ్వలేదు గానీ, నిర్దేశిత ప్రక్రియ పాటించకుండా పంపొద్దంది.

ఆ విడి పరిశీలనకు దారి మన ఫైళ్లలోనే ఉంది. శరణు కోరిన విదేశీయుడి వాదన ప్రాథమికంగా సబబనిపిస్తే, 30 రోజుల్లో దీర్ఘకాలిక వీసాకు సిఫారసు చేయాలని 2011లో హోంశాఖ రాష్ట్రాలకు చెప్పింది. భద్రతా తనిఖీ దాటి ఆ వీసా పొందినవారు ప్రైవేటు ఉద్యోగం చేసుకోవచ్చు. రోహింగ్యాల దరఖాస్తులనూ ఇదే పద్ధతిలో ఒక్కొక్కటిగా తేల్చాలి. వేలిముద్రలు, చిరునామా పోలీసు రికార్డులో ఉన్న మనిషిపై నిఘా సులువు; దొంగ పేరుతో బస్తీ మారినవాణ్ని ముందు వెతికి పట్టుకోవాలి.