కవలల రిపోర్టులో మావి సంగతి రాయాలి

కడుపు కోయకుండా, గర్భసంచిలోకి సూది కూడా దించకుండా, బయటి నుంచి పంపే ధ్వని తరంగాలతోనే కవల గర్భాల్లోని ప్రాణాపాయాన్ని తప్పించవచ్చన్న ఆశ వైద్యరంగంలో బలపడుతోంది. గుండె ఏర్పడక, రెండో బిడ్డ రక్తంపైనే ఆధారపడే కవల పిండానికి రక్తం పోయే దారిని ఈ పద్ధతిలో మూసి, రెండో బిడ్డను కాపాడినట్టు జపాన్ వైద్యులు 2013లో ప్రకటించారు. లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు 2016లో గొర్రెల మావిలోని రక్తనాళాలను ఇదే తీరున మూయగలిగారు. ఈ కృషిని మేము మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాము. అయితే అది చెన్నై దాకా వచ్చేలోగా ఇక్కడ చక్కదిద్దుకోవలసిన పని ఒకటుంది.

ఒకే పోలిక కవలల్లో దాదాపు మూడింట రెండొంతుల మంది ఒకే మావిని పంచుకుంటారు. ఆ మావిలో ఇద్దరి రక్తనాళాలూ కలిసి ఉంటాయి. ఇలాంటి గర్భాలు వంద ఉంటే, పది పదిహేనింటిలో రక్తం ఒకరి నుంచి ఒకరికి అదుపు తప్పి మళ్లుతుంది. రక్తం కోల్పోయే బిడ్డకు మూత్రం తగ్గి, ఉమ్మనీరు ఇంకిపోయి, పొర ఒంటికి చుట్టుకుని గర్భసంచి గోడకు అతుక్కుపోతుంది. స్కాన్‌లో ఆ బిడ్డ మూత్రాశయం కూడా కనిపించదు. రెండో బిడ్డ చుట్టూ నీరు పొంగి, గుండె భారంతో అలసిపోతుంది. తీవ్ర దశలో చికిత్స అందకపోతే ఇద్దరూ దక్కడం అరుదు.

ఇందుకు నేడున్న మేలైన చికిత్స లేజర్. సన్నని గొట్టాన్ని తల్లి పొట్టలోంచి లోపలికి పంపి, మావిపై ఇద్దరినీ కలిపే నాళాలను మాడ్చివేస్తారు. పొంగిన ఉమ్మనీరు తీసివేసే పాత పద్ధతి కంటే ఇదే మెరుగని 2004లో వెలువడిన ఐరోపా అధ్యయనం తేల్చింది. కానీ గొట్టం దిగిన చోట ఉమ్మనీటి సంచి చిరిగి, నెలలు నిండకుండానే కాన్పు కావచ్చు. భూతద్దం ఎండను ఒక్క చుక్కగా చేర్చినట్టు ధ్వనిని ఒకే బిందువుపై కేంద్రీకరిస్తే, దారిలోని కండరం క్షేమంగా ఉండి ఆ బిందువు మాత్రమే వేడెక్కుతుంది గనుక ఈ ముప్పు తప్పుతుందని పరిశోధకుల ఆశ. తల్లి ఊపిరితో గురి కదులుతుంది, పిండం ఎముకలు వేడిని తొందరగా పీల్చుకుంటాయి, ఇవన్నీ దాటాలి. గర్భసంచి గడ్డలకు ఈ తరంగాలను ఇప్పటికే వాడుతున్నారన్న ఒక్క కారణంతో, కవలల చికిత్సకూ ఇది సిద్ధమైందని ప్రకటనలు గుప్పించే ఆసుపత్రులు రేపు బయల్దేరకుండా చూడాలి.

లేజరైనా, ధ్వనైనా, పనికొచ్చేది కవలలది ఒకే మావి అని సకాలంలో తెలిసినప్పుడే. 11 నుంచి 14 వారాల మధ్య స్కాన్‌లో, బిడ్డల మధ్య పొర మావిని కలిసే చోటు చూసి దీన్ని తేలిగ్గా చెప్పవచ్చు. ఆ తరువాత కష్టం. ఒకే మావి అని తేలితే 16వ వారం నుంచి రెండు వారాలకొకసారి స్కాన్ తీయాలన్నది అంతర్జాతీయ నియమం. నెల్లూరు, సూళ్లూరుపేట, తిరుపతి వైపు నుంచి రైలెక్కి చెన్నైకి వచ్చే గర్భిణి చేతి ఫైలులో, కవలలు, రెండు గుండెలూ కొట్టుకుంటున్నాయి అని మాత్రమే ఉండి, మావి ఊసే లేకపోతే ఇక్కడి నిపుణుడు సైతం ఊహించవలసిందే. అప్పటికే 20 వారాలు దాటితే ఆ కుటుంబానికి మిగిలే గడువు తక్కువే.

గర్భిణికి చేసే ప్రతి స్కాన్‌కూ 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద ఫారం ఎఫ్ అనే వివరాల పత్రం నింపాలి. అందులో లోపాన్ని కేవలం గుమాస్తా పొరపాటుగా కొట్టిపారేయలేమని సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది. ఆడపిండాల రక్షణకు ఆ కచ్చితత్వం న్యాయమే. మరి కవలల ప్రాణం ఆధారపడిన వివరానికి అదే పట్టుదల ఎందుకు ఉండరాదు? కవలలున్న ప్రతి తొలి స్కాన్ రిపోర్టులో మావి ఒకటా రెండా అన్నది రాయాలని తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య శాఖలు వెంటనే ఉత్తర్వులివ్వాలి. రాష్ట్రం దాటి వచ్చే తల్లిని ఏ ఆసుపత్రి చేర్చుకుంటుందో, లేజర్ ఖర్చును ఏ పథకం భరిస్తుందో రెండు ప్రభుత్వాలూ కలిసి ముందే తేల్చి, ఆ సమాచారాన్ని సరిహద్దు జిల్లాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తెలుగులోనూ తమిళంలోనూ ఉంచాలి.