మురుగు కోడిపుంజును ప్రతి ఉదయం తెరవండి

పోయిన వానాకాలం మా షెడ్డుకి గాలిని నొక్కిపెట్టే కొత్త కంప్రెసర్ వచ్చింది. 20 హెచ్‌పీ, స్క్రూ టైపు, నీలం రంగు. దాంతోపాటు గాలి ట్యాంకు, డ్రయ్యర్, మూడు ఫిల్టర్లు, వీటన్నిటినీ ఎలా వాడాలో చెప్పే తెలుగు కాగితం ఒకటి. మామూలు కాగితం కాదు. లామినేషన్ చేసి, నాలుగు మూలలా రంధ్రాలు పెట్టి, గోడకి కొట్టుకోవడానికి మేకులు కూడా జతచేశారు. కంప్రెసర్ బిగించే బోల్టులు రెండు తక్కువొచ్చాయి గానీ మేకులు మాత్రం లెక్కకి నాలుగూ ఉన్నాయి.

అందులో మొదటి సూచన ఇది: "ప్రతి ఉదయం మురుగు కోడిపుంజును తెరవండి."

మా ఫిట్టరన్న పాతికేళ్ళుగా కంప్రెసర్ల మధ్యే బతుకుతున్న మనిషి. కళ్ళజోడు తుడుచుకుని రెండోసారి చదివాడు. "ఏంది సార్ ఇది? పుంజును తెరవాల్నట" అన్నాడు.

నేను గోదావరి జిల్లా వాణ్ణి. పుంజుల విషయంలో మా వాళ్ళకి చెప్పేంతటి వాళ్ళెవరూ లేరు. పుంజును మేపుతారు, ఈత కొట్టిస్తారు, బాదంపప్పులు పెడతారు, సంక్రాంతికి కాలికి కత్తి కట్టి బరిలోకి వదులుతారు, ఓడితే కూర వండుతారు. తెరవడం అనే ప్రక్రియ మా తాతల నాడు కూడా విన్లేదు. పోనీ తెరుద్దామనే అనుకుందాం. ఏ పుంజు? డేగా, కాకా, నెమలా? మురుగు పుంజు అనే జాతి ఏ ఊళ్ళో దొరుకుతుంది? ప్రతి ఉదయం అన్నారు గనక కూయకముందా, కూశాకా? నైట్ షిఫ్టు వాళ్ళు తెరిచేసి పోతే జనరల్ షిఫ్టు వాళ్ళు మళ్ళీ తెరవాలా? ఇవేవీ కాగితంలో లేవు. ఇంత బాధ్యతారాహిత్యంగా సాంకేతిక సమాచారం ఇవ్వడం తగునా?

విషయం ఏమిటంటే, అది డ్రెయిన్ కాక్. డ్రెయిన్ మురుగైంది, కాక్ కోడిపుంజైంది. ట్యాంకు అడుగున ఉండే చిన్న తిప్పుడు కుళాయి. కంప్రెసర్ నడిపిన వాళ్ళకి దాని విలువ తెలుసు. తెలియని వాళ్ళ కోసం ఒక్క ముక్క. గాలిని 7 బార్ దాకా నొక్కితే ఎనిమిది బిందెల గాలి ఒక్క బిందెలోకి దూరుతుంది. ఆ ఎనిమిది బిందెల్లోని తేమా దాంతోపాటే వస్తుంది. గాలి నలుగుతుంది గానీ నీళ్ళు నలగవు కదా. చల్లబడగానే ట్యాంకు అడుక్కి చేరతాయి. వానాకాలం పొద్దున్నే కాక్ తిప్పితే తుప్పూ నూనే కలిసిన చిక్కటి టీ రంగు నీళ్ళు బుస్సుమని చిమ్ముతాయి. తిప్పడం మరిస్తే అవే నీళ్ళు పైపుల్లోకి, అక్కణ్ణుంచి పెయింట్ గన్నులోకి పోతాయి. రంగు వేసిన రేకు మీద ఆటలమ్మ పోసినట్టు పొక్కులు లేస్తాయి. ఇంత పెద్ద బాధ్యతని తెలుగులో ఒక పుంజు నెత్తిన పెట్టారు.

రెండో సూచనకి వచ్చేసరికి నాకు కళ్ళు చెమర్చాయి. "ఈ యంత్రం నిమిషానికి 80 ఘనపుటడుగుల ఉచిత గాలి పంపిణీ చేస్తుంది."

చూశారా, ప్రజాసంక్షేమం! ఉచిత కరెంటు చూశాం, ఉచిత బస్సు చూశాం. ఉచిత గాలి మాత్రం ఇన్నాళ్ళూ పెట్రోలు బంకు బోర్డుల మీదే ఉండేది, పక్కనే "మిషన్ రిపేరులో ఉన్నది" అనే ఇంకో బోర్డుతో కలిపి. ఇప్పుడది కారుచౌకగా మా షెడ్డులోకే వచ్చింది. మా ఓనర్‌కి చదివి వినిపించాను. ఆయన కరెంటు బిల్లు చేతిలో పట్టుకుని నా వంక చూసిన చూపు ఇక్కడ రాయలేను. ఫ్రీ ఎయిర్ డెలివరీ అంటే ఇంకా నొక్కుడు పడని బయటి గాలి లెక్కలో మిషన్ ఎంత ఇస్తుందో చెప్పే అంకె. అందులో ఫ్రీ అంటే ఒత్తిడి లేనిదని, పైసా లేనిదని కాదు. కంప్రెసర్ తినే కరెంటులో చాలా భాగం వేడిగానే పోతుంది. ఫ్యాక్టరీలో గాలంత ఖరీదైన వస్తువు ఇంకోటి చూపించడం కష్టం. దాన్నే ఉచితం అన్నారు.

మూడోది: "ప్రతి 4000 గంటలకు వడపోత గృహనిర్మాణంలోని మూలకాన్ని మార్చండి." ఫిల్టర్ డబ్బా లోపలి వడపోత ముక్కని మార్చమని దానర్థం. డబ్బా అనే హౌసింగ్ గృహనిర్మాణమైంది, ముక్క అనే ఎలిమెంట్ మూలకమైంది. ఆవర్తన పట్టికలో 118 మూలకాలున్నాయి. ఏది తీసి ఏది పెట్టాలో చెప్పలేదు. గృహనిర్మాణం కాబట్టి మున్సిపాలిటీ పర్మిషన్ కావాలా, వాస్తు చూపించాలా, పాలు పొంగించాకే బిగించాలా? ఇక "ఆడ మోచేయి", "మగ మోచేయి" అనే పైపు ముక్కల గురించి నన్ను అడక్కండి. మా షెడ్డులో పెళ్ళికాని కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు.

ఇదంతా కంప్యూటరు చేసిన అనువాదం అని ఎవరికైనా అర్థమవుతుంది. అసలు విశేషం అయిదో సూచన దగ్గర మొదలవుతుంది. అక్కడ కంప్యూటరు లేచి వెళ్ళిపోయి ఒక పండితుడు వచ్చి కూర్చున్నాడు. "సంపీడిత వాయువునందలి సంఘనిత జలమును స్వయంచాలిత నిష్కాసక కవాటము ద్వారా విసర్జింపవలెను." అంటే ఏమిటో తెలుసా? మళ్ళీ అదే నీళ్ళు వదలడం! పైన పుంజుతో చేయించిన పనినే ఈయన కవాటంతో చేయిస్తున్నాడు. మా ఆఫీసు అమ్మాయి "కవాటం గుండెలో కదా సార్ ఉండేది?" అంది.

ఈ కాగితం తయారైన గదిని నేను చాలా రాత్రులు ఊహించుకున్నాను. ఒక బల్ల. బల్ల మీద మైసూర్ బోండాలు. ఒక వైపు కంప్యూటరు, అది బోండా తినదు. ఇంకో వైపు పండితుడు గారు, వారు తినడం ఆపరు. మధ్యలో టైపిస్టు.

"ఫిల్టర్ అంటే?" అంటాడు టైపిస్టు.

"వడపోత" అంటుంది కంప్యూటరు, పొరపాటున ఒప్పు చెబుతూ.

"ఛీ, అది వంటింటి మాట" అంటారు పండితుడు. "గాలనం అని వేయి."

"గాలిని గాలనం అంటే జనం నవ్వరా అండీ?"

"పదో తరగతి మూత్రపిండాల పాఠంలో గుచ్ఛ గాలనం చదివినప్పుడు ఎవరైనా నవ్వారా? ఏడ్చారు. వేయి."

"డ్రయ్యర్?"

"ఆరబెట్టేది" అంటుంది కంప్యూటరు. "శుష్కీకరణి" అంటారు పండితుడు. దండెం, ఎండు చేప, రెండూ టైపిస్టు కళ్ళ ముందు మెదులుతాయి.

"డ్యూ పాయింట్, సార్?"

పండితుడి నోట్లో బోండా ఉంది. కంప్యూటరు కరెంటు పోయి ఆగింది. టైపిస్టు తనకి తెలిసిన ఒకే ఒక్క డ్యూ, బండి ఈఎంఐ డ్యూ, గుర్తు తెచ్చుకుని "బకాయి స్థానం 3 డిగ్రీలు" అని కొడతాడు. ఇది ఊహ కాదు, కాగితంలో ఉంది. గాలిలో తేమ నీరుగా మారే ఉష్ణోగ్రతకి తుషార స్థానం అని పాఠ్యపుస్తకాల్లో చక్కటి మాట ఉంది. అది ఏ గోడౌన్‌లో ఆరుతోందో.

నేను తెలుగు వద్దనేవాణ్ణి కాదు. ఆ అపవాదు నా మీద వేయకండి. శాస్త్ర పదాల కోసం ఢిల్లీలో 1961లో ఒక సంఘం పెట్టారు, హైదరాబాద్‌లో 1968లో తెలుగు అకాడమీ వచ్చింది. అక్కడ తలలు పట్టుకుని కూర్చున్న వాళ్ళ కష్టం తక్కువది కాదు. కానీ వాళ్ళకంటే ఎంతో ముందే మన కమ్మరి కొలిమి తిత్తితో గాలి నొక్కాడు. ఆ తిత్తే మన ఊపిరితిత్తుల్లో కూర్చుంది. బురద నీళ్ళని చిల్లగింజ అరగదీసి తేర్చుకున్నారు ఊళ్ళలో. మోటారు రైతు నీళ్ళ పైపు అడుగున బిగించే ఫుట్ వాల్వుని ఫుట్‌బాల్ చేసుకున్నాడు. ఆ ఫుట్‌బాల్‌లో నీళ్ళు నిలవకపోతే ఎవరిని పిలవాలో, ఏం పట్టుకు రమ్మనాలో ఊరంతటికీ తెలుసు. 2021లో ఆక్సిజన్ లెవెల్ అనే మాట నేర్చుకోవడానికి మా అమ్మమ్మకి ఒక్క రోజు పట్టింది. ప్రాణవాయు స్థాయి అని ఆవిడ ఒక్కసారీ అనలేదు.

ఇంగ్లీషు కాగితం ముత్యంలా ఉందా అంటే, అదీ లేదు. సేల్స్ కుర్రాడు "క్లాస్ జీరో ఎయిర్, సార్" అని మూడుసార్లు అన్నాడు. జీరో అంటే నూనె సున్నా అనుకుంటాం. నొక్కిన గాలి ఎంత శుభ్రమో చెప్పే ఐఎస్‌ఓ 8573-1 లెక్కలో క్లాస్ 1 అంటే ఘనపు మీటరుకి 0.01 మిల్లీగ్రాము దాకా నూనె ఉండొచ్చు. క్లాస్ 0 అంటే అంతకన్నా తక్కువని అర్థం, ఎంత తక్కువో కొనేవాడూ అమ్మేవాడూ రాసుకోవాలి. "ఎంత రాసిస్తావు బాబూ?" అంటే ఆ కుర్రాడు ఫోన్ వచ్చినట్టు బయటికి వెళ్ళాడు.

ఇంతవరకూ నవ్వుకున్నాం, బాగానే ఉంది. ఏడో సూచన దగ్గర నాకు నవ్వు రాదు.

"బహుకార్బనిత పాత్రను సేంద్రియ ద్రావణులతో ప్రక్షాళన గావించరాదు."

గాలి లైను చివర, మిషన్ దగ్గర, చిన్న ఫిల్టర్ ఉంటుంది. దాని కింద గాజులా మెరిసే గిన్నె. అది గాజు కాదు, పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. సుత్తి దెబ్బకి కూడా ఓర్చుకుంటుంది గానీ ఆ సేంద్రియ ద్రావణులు, అంటే థిన్నర్ లాంటివి, తగిలితే లోపల్లోపల సాలెగూడు లాంటి సన్నటి పగుళ్ళు వస్తాయి. పైకి తళతళలాడుతూనే ఉంటుంది. గాలి ఒత్తిడి ఎక్కాక ఎప్పుడో పేలుతుంది. అందుకే దానికి ఇనప తొడుగు ఇస్తారు, అందుకే సబ్బు నీళ్ళతోనే కడగమంటారు.

మా హెల్పర్ కుర్రాడికి 19 ఏళ్ళు. పాలమూరు వైపు పల్లె, పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఆ కాగితాన్ని షెడ్డులో శ్రద్ధగా చదివింది వాడొక్కడే. సేంద్రియ అనే మాట వాడికి బాగా తెలుసు. వాళ్ళ నాన్న సేంద్రియ వ్యవసాయం చేస్తాడు, జీవామృతం కలుపుతాడు. కాబట్టి గిన్నెని జీవామృతంతో కడక్కూడదన్నమాట. ఎవడు కడుగుతాడు? వాడు షెడ్డులో అన్నీ కడిగినట్టే థిన్నర్‌తో కడిగాడు. లోపల నీళ్ళు సరిగ్గా కనపడటం లేదని తొడుగు కూడా తీసి పక్కన పెట్టాడు. మూడో రోజు టపాకాయలా పేలింది. కనుబొమ్మ మీద నాలుగు కుట్లు. అర అంగుళం కిందికి తగిలి ఉంటే కన్ను పోయేది.

వాడికి చదువు రాకపోతే ఎవరినో ఒకరిని అడిగేవాడు. వచ్చింది గనకే అడగలేదు. ప్రతి అక్షరం చదివాడు, ప్రతి మాటా తెలుగే. థిన్నర్ వద్దు అని రాయడానికి ఎన్ని అక్షరాలు కావాలి? ఆ రెండు మాటలు రాస్తే ఎవడి పాండిత్యం కరిగిపోయేది? ఆ కాగితం వాడి కోసం రాయలేదు. ఏదైనా జరిగితే "మేం తెలుగులో కూడా చెప్పాం కదా" అని చూపించుకోవడానికి రాశారు. ఎవడి కన్నో పోయినా కాగితం మాత్రం భద్రంగా ఉండాలి. లామినేషన్ అందుకే. థూ.

కుట్లు వేయించుకొచ్చిన సాయంత్రం మా ఫిట్టరన్న పసుపు రంగు డబ్బా తీసి గోడ మీద బ్రష్షుతో రాశాడు: "ఈ డబ్బా సబ్బు నీళ్ళతోనే కడగాలె. థిన్నర్ వద్దు, పెట్రోల్ వద్దు. ఇనుప తొడుగు తియ్యద్దు. ముందు గాలి ఒదిలి అటెంక ఇప్పాలె." అక్షరాలు కొంచెం వంకర. ఆ తర్వాత ఎవరూ థిన్నర్ ముట్టలేదు.

పోయిన నెల ఆడిట్ జరిగింది. వచ్చినాయన గోడ మీది పసుపు రాతలు చూసి మొహం చిట్లించాడు. పని చోటుని శుభ్రంగా సర్దిపెట్టుకునే 5ఎస్ పద్ధతి ప్రకారం గోడల మీద పిచ్చి రాతలు ఉండకూడదట, సున్నం వేయించమన్నాడు. లామినేషన్ కాగితాన్ని మాత్రం ముచ్చటపడి ఫోటో తీసుకున్నాడు. ప్రాంతీయ భాషలో సూచనలు: ఉన్నవి. టిక్కు పెట్టాడు. తర్వాత మా కుర్రాణ్ణి పిలిచి, ట్యాంకు రోజూ డ్రెయిన్ చేస్తారా అని అడిగాడు.

"చేస్తం సార్" అన్నాడు వాడు, కనుబొమ్మ మీది మచ్చ తడుముకుంటూ. "పొద్దుగాల రాంగనే పుంజు తెరుస్తం."

ఆయన గుడ్ అని రాసుకున్నాడు.