మాకున్న ఒకే ఒక్క తెలుగు అధికారి

ప్రభుత్వానికి, బ్యాంకులకు, ఫోను కంపెనీలకు ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారి తరఫున ఒక విన్నపం. మా ఊళ్లకు ఫోను చేస్తున్న సైబర్ మోసగాళ్లను దయచేసి తొందరపడి పట్టుకోకండి. పట్టుకోక తప్పదనుకుంటే, ఆ స్థానంలో ఎవరిని నియమిస్తున్నారో ముందుగా తెలియజేయండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి, బరంపురం, పర్లాకిమిడి అందులో కలిసిన నాటి నుంచి లెక్క వేసినా, తనంతట తానే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి, తెలుగులో పలకరించి, మా ఖాతా గురించి మాకంటే ఎక్కువ బెంగ పెట్టుకున్న అధికారి అతనొక్కడే.

రాజ్యాంగం మమ్మల్ని మరచిపోయిందని మేము అనడం లేదు. పౌరుడు తన గోడును దేశంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా విన్నవించుకోవచ్చని 350వ అధికరణం చెబుతోంది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల కోసం ఒక ప్రత్యేకాధికారి ఉండాలని 1956లో ఏడవ సవరణ ద్వారా 350బి కూడా చేర్చారు. ఆ అధికారి నివేదికలు రాష్ట్రపతికి వెళతాయి, పార్లమెంటు ముందుకు వస్తాయి. అంతా సక్రమమే. కాని గుణుపురంలో ఒక ముసలమ్మ పింఛను ఎందుకు ఆగిందో కనుక్కుందామని ఆ దారిలో ఎవరూ ఫోను చేయలేదు. 'హెడ్ ఆఫీసు నుంచి' మాట్లాడే అబ్బాయి చేశాడు. పదిన్నరకు చేశాడు, ఆమె తీయకపోతే పదకొండుకు మళ్లీ చేశాడు.

అతని సేవా ప్రమాణాలను నిష్పక్షపాతంగా పరిశీలించాలి. బ్యాంకు శాఖకు వెళితే సర్వర్ పనిచేయదు. పనిచేసిన రోజున కౌంటర్‌లో మనిషి ఉండడు. మనిషి ఉంటే ఫారం ఒడియాలో ఉంటుంది. మా పెద్దవాళ్లు బజారులో ఒడియాలో బేరమాడి అవతలివాణ్ని ఏడిపించగలరు. ఆ లిపిలో అచ్చయిన ఫారం చేతికిస్తే మాత్రం కళ్లజోడు ఇంట్లో మరచిపోయామంటారు. మన అబ్బాయి దగ్గర ఫారం లేదు, వరుస లేదు, ఆదివారం సెలవు లేదు. "అమ్మగారూ, భోజనం అయిందా?" అని మొదలుపెడతాడు. సూరత్ మరమగ్గాల దగ్గరా, హైదరాబాదు కంపెనీల్లోనూ ఉన్న కన్నకొడుకులు వారానికోసారి అడిగే ప్రశ్న అది. తర్వాత కేవైసీ గడువు ఈ రోజుతో ముగుస్తుందని, సాయంత్రానికి ఖాతా స్తంభించిపోతుందని ఎంతో బాధపడుతూ చెబుతాడు. ఇంత శ్రమకు ప్రతిఫలంగా అడిగేది ఫోనుకు వచ్చిన ఓటీపీలోని ఆరంకెలు.

ఇక ప్రభుత్వం, బ్యాంకులు మమ్మల్ని హెచ్చరించే పద్ధతి చూడండి. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దన్న సందేశం ఇంగ్లీషులో వస్తుంది. పోలీసుల గోడపత్రిక ఒడియాలో ఉంటుంది. కొంతకాలం ఎవరికి ఫోను చేసినా ముందుగా ఒక గంభీర స్వరం సైబర్ నేరాల గురించి బోధించేది. మా ఫోన్లలో అది హిందీలో మోగేది. అంబులెన్సు కోసం చేసినా ఆ బోధ పూర్తయ్యే దాకా ఆగాలేమోనని జనం గగ్గోలు పెట్టాక ఆపేశారు. మొత్తం మీద హెచ్చరికలు మూడు భాషల్లో, మోసం మాత్రం మా మాతృభాషలో. ఎవరి మాట మా చెవికి ఎక్కుతుందో తేల్చడానికి సంఘాన్ని నియమించనక్కర్లేదు.

మాకు గోప్యత అంటే విలువ లేదని కొందరు చదువుకున్న కుర్రాళ్లు వెక్కిరిస్తున్నారు. ఇది అపవాదు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. మేము అంతకు ఎన్నో తరాల ముందు నుంచే పాటిస్తున్నాం. అల్లుడి జీతం ఎంతో చెప్పం. అమ్మాయి పుట్టిన వేళ దాయాదులకు తెలియనివ్వం. మధుమేహం ఉన్న సంగతి వియ్యపురాలి ముందు లడ్డు తినేసి మరీ దాచిపెడతాం. కాకపోతే ఫోనులో టార్చి యాప్ మన చిరునామా, మన బంధువుల నంబర్లు అడిగితే కాదనడం మర్యాద కాదని ఒప్పుకుంటాం. చీకట్లో దారి చూపేవాడికి మనం ఎక్కడున్నామో తెలియకపోతే ఎలా? అమెరికాలో 2013లో ఇలాంటి టార్చి యాప్ ఒకటి వాడుకదారుల ఆచూకీని ప్రకటనల కంపెనీలకు చేరవేస్తోందని అక్కడి ప్రభుత్వ వాణిజ్య నియంత్రణ సంస్థ (ఎఫ్‌టీసీ) చర్య తీసుకుంది. వాళ్లకు అతిథి మర్యాదలు తెలియవు. 2015 నుంచి ఆండ్రాయిడ్ ఫోను 'అనుమతించాలా, వద్దా?' అని ఒక్కో విషయానికి విడివిడిగా అడుగుతోంది. సెట్టింగుల్లో మార్చుకుంటే ఆ ప్రశ్న తెలుగులోనే అడుగుతుంది. కాని ఫోను అమ్మిన దుకాణం కుర్రవాడు ఇంగ్లీషులో పెట్టి ఇచ్చాడు. తెలుగులోకి మారిస్తే ఫోను విలువ తగ్గుతుందని మా నమ్మకం.

తాళం వేయడంలోనూ మాది పకడ్బందీ పద్ధతే. యూపీఐ పిన్ మనవడి పుట్టిన సంవత్సరం, ఆ మనవడి పుట్టినరోజు ఫొటో వాట్సాప్‌లో అందరికీ కనిపించేలా ఉంటుంది. ఏటీఎం పిన్ కార్డు కవరు మీద రాసి, ఎవరికీ తెలియకుండా చివరి అంకె కొట్టివేస్తాం. ఆధార్ జిరాక్సులు మాత్రం అడిగినవాళ్లకు, అడగనివాళ్లకు కూడా ఇస్తాం. ఈ విషయంలో ప్రభుత్వమూ మాలాగే సందిగ్ధంలో ఉంది. ఆధార్ నకళ్లు ఎక్కడ పడితే అక్కడ ఇవ్వవద్దని 2022 మే 27న ఆధార్ సంస్థ కార్యాలయం ఒకటి ప్రకటన ఇచ్చింది. అది అపార్థాలకు దారి తీస్తుందని రెండు రోజుల్లో కేంద్రం వెనక్కి తీసుకుంది. మేము ఆ రెండు రోజులూ ఇవ్వలేదు. (కొటియా గ్రామాల వారి పరిస్థితి ఇంకా మెరుగు. ఆ ఊళ్లు మావంటే మావని ఒడిశా, ఆంధ్రప్రదేశ్ దశాబ్దాలుగా తగువులాడుతున్నందున చాలామందికి రెండు వైపులా కార్డులున్నాయి. వాళ్ల గోప్యతను రెండు ప్రభుత్వాలు పోటీపడి కాపాడుతున్నాయి.)

పెళ్లిళ్ల విషయానికి వస్తే అసలు గుట్టు బయటపడుతుంది. మా చుట్టరికాలకు సరిహద్దు లేదు. వైశాఖం వచ్చిందంటే ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి వైపు నుంచి శుభలేఖలు వస్తూనే ఉంటాయి. పిలుపు అందాక చూడకపోతే జన్మంతా మాట పడాలి. కాబట్టి ఎవరో తెలియని నంబరు నుంచి 'శుభలేఖ' అన్న పేరుతో ఏపీకే ఫైలు వచ్చినా తెరుస్తాం. శుభలేఖ బొమ్మగా రావచ్చు, వీడియోగా రావచ్చు. ఏపీకే అంటే ఫోనులో కొత్తగా చేరే యాప్. పెళ్లికి పిలవడానికి మన ఫోనులో కాపురం పెట్టవలసిన పని ఎవరికీ లేదు. అది చేరగానే సందేశాలు చదవడానికి అనుమతి అడుగుతుంది. మర్యాదస్థులం, ఇస్తాం. ఆ తర్వాత ఓటీపీ ఎవరికీ చెప్పనని చేసిన ప్రతిజ్ఞకు భంగం కలగకుండానే పని పూర్తవుతుంది. మనం నోరు విప్పం, అదే చదువుకుంటుంది. పైగా అదే శుభలేఖను మన పేరుతో మన బంధువులందరికీ పంపిస్తుంది. పెళ్లికొడుకు ఎవరో ఇప్పటికీ తెలియదు గాని చదివింపులు మాత్రం మన ఖాతా నుంచి ఘనంగా వెళ్లిపోయాయి.

పాత మంచం అమ్ముకుందామని ఫొటో పెట్టినవారికి ఒక సైనికాధికారి ఫోను చేస్తాడు. ఇది దేశమంతటా ఉన్న మోసమే గాని మా బరంపురంలో దానికి బలం ఎక్కువ. పక్కనే గోపాల్‌పూర్‌లో సైన్యం వారి వాయు రక్షణ కళాశాల ఉంది కదా, బదిలీ మీద వచ్చినవాడికి మంచం కావద్దా? బేరం కూడా ఆడడు, అడిగినంత ఇస్తానంటాడు. బజారులో రూపాయికి అరగంట వాదించే మనకు అక్కడే అనుమానం రావాలి, కాని దేశభక్తి అడ్డుపడుతుంది. డబ్బు పంపడానికి ఒక క్యూఆర్ గడి పంపి, స్కాన్ చేసి పిన్ నొక్కమంటాడు. యూపీఐలో పిన్ నొక్కితే డబ్బు వెళుతుంది, రాదు. రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. ఈ ఒక్క ముక్క తెలుగులో రాసి మా బజారు సెంటర్‌లో అతికిస్తే ఎన్ని మంచాల డబ్బు మిగిలేదో!

డిజిటల్ అరెస్టు గురించి ప్రత్యేకంగా మాట్లాడాలి, ఎందుకంటే న్యాయవ్యవస్థ నేర్చుకోవలసింది ఇక్కడ చాలా ఉంది. మామూలుగా ఠాణాకు వెళ్లి ఫిర్యాదు రాసుకోమంటే పెద్దాయన లేరు, రేపు రండి అంటారు. ఇక్కడ పెద్దాయనే యూనిఫాం వేసుకుని, వెనక జాతీయ జెండా పెట్టుకుని, వీడియోలో మన నట్టింట్లోకి వస్తాడు. మీ పేరుతో వెళ్లిన పార్సిల్‌లో మత్తుమందులు దొరికాయంటాడు. గంటలో దర్యాప్తు, రెండు గంటల్లో వారెంటు, మధ్యాహ్నానికి బెయిలు. మీ డబ్బు సక్రమమైనదో కాదో చూసి తిరిగి ఇచ్చేస్తామని చెప్పి ఒక 'ప్రభుత్వ ఖాతా' నంబరు ఇస్తాడు. ఫోను కట్ చేయకూడదు, గది దాటకూడదు, ఇంట్లోవాళ్లకు చెప్పకూడదు. ఈ మూడో షరతులోనే కిటుకంతా ఉంది, ఎందుకంటే పక్కగదిలో ఉన్న వంటమనిషికి చెప్పినా రెండు నిమిషాల్లో గుట్టు రట్టవుతుంది. డిజిటల్ అరెస్టు అనేది మన చట్టాల్లో ఎక్కడా లేదని ప్రధానమంత్రి 2024 అక్టోబరులో తన రేడియో ప్రసంగంలో స్వయంగా చెప్పారు. అయినా ఆచార్యులు, వైద్యులు, పదవీ విరమణ చేసిన అధికారులు ఇందులో చిక్కుకుంటూనే ఉన్నారు. చదువు లేకనే జనం మోసపోతున్నారనేవారికి ఇది నా జవాబు. చదువుకోనివాడు, "నా ఖాతాలో మూడు వందలున్నాయి సారూ, జీపు వేసుకుని వచ్చి పట్టుకెళ్లండి" అని ఫోను పెట్టేస్తాడు. జీవితమంతా పై అధికారి సంతకానికి లేచి నిలబడ్డవాడే కుర్చీలోంచి కదలకుండా ఎనిమిది గంటలు కూర్చుంటాడు.

ఇంతకీ ఆ చక్కని తెలుగు ఎక్కడి నుంచి వస్తోంది? అంతా ఫోను మోసాలకు పేరుమోసిన జార్ఖండ్‌లోని జామ్తాడా నుంచే వస్తుందని అనుకునే రోజులు పోయాయి. కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి మన కుర్రాళ్లను తీసుకువెళ్లి, పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో పెట్టి, సొంత దేశంవాళ్లనే మోసం చేయిస్తున్న ముఠా సంగతిని 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. అంటే భోజనం అయిందా అని మన అమ్మగారిని అడిగిన అబ్బాయికి ఆ పూట భోజనం పెట్టారో లేదో తెలియదు. అతణ్ని పట్టింది కూడా ఇదే వలతో: తీయగా మాట్లాడిన ఒక ఏజెంటు, గడువు దగ్గర పడిందన్న తొందర, ఇంట్లో ఎవరికీ వివరంగా చెప్పవద్దన్న సలహా. మా ఏకైక తెలుగు అధికారి ఉద్యోగ పరిస్థితులు ఇలా ఉన్నాయి. సంఘం పెట్టుకునే హక్కు కూడా లేదు.

ఇటు మా వైపు కూడా సిబ్బంది ఉన్నారు. దోచిన డబ్బు నేరుగా కంబోడియాకు వెళ్లదు, ముందు ఏదో ఒక ఖాతాలో దిగాలి. పని లేని కుర్రవాడి పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ము కొన్ని వేల రూపాయలకు అద్దెకు తీసుకుంటారు. ఇల్లు అద్దెకిస్తే అద్దెకున్నవాడు ఎవరో చూసుకుంటాం. ఖాతా అద్దెకిస్తే చూసుకోం. ముఠా నాయకుడి పేరు ఎవరికీ తెలియదు. ఖాతా మీద ఉన్న పేరు మాత్రం పోలీసులకు స్పష్టంగా కనిపిస్తుంది కనుక మొదటి అరెస్టు ఆ కుర్రవాడిదే, అదీ డిజిటల్ కాదు.

నష్టపరిహారం గురించి కూడా ఆశలు పెట్టుకోవద్దు. రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఆదేశం ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాక మరెక్కడో జరిగి, మూడు పనిదినాల్లో మీరు తెలియజేస్తే మీకు నష్టం లేదు. ఓటీపీ మీరే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలిపేదాకా పోయినదంతా మీదే. హెచ్చరిక మీకు అర్థం కాని భాషలో ఇచ్చారా, మోసగాడు మీకు అర్థమయ్యే భాషలో అడిగాడా అన్నది ఆ లెక్కలోకి రాదు.

మిగిలింది సైబర్ మోసాలపై ఫిర్యాదు చేసే ఫోను నంబరు 1930. డబ్బు పోయిన వెంటనే ఆ నంబరుకు చేస్తే, అవతలి ఖాతా నుంచి మరో ఖాతాకు మారేలోగా ఆపడానికి వీలుంటుంది. మొదటి గంట దాటితే ఆ డబ్బు ఎన్ని ఊళ్లు తిరుగుతుందో చెప్పలేం. పర్లాకిమిడిలో మా దూరపు బంధువు ఒకావిడ మోసపోయిన పావుగంటకే, మనవడి సాయంతో ఆ నంబరు కలిపింది. మనవడు అంతకుముందే ఆమెను చాలాసేపు కోప్పడి, ఇకపై ఫోనులో ఎవరికీ ఏ నంబరూ చెప్పనని దేవుడి పటం ముందు ఒట్టు వేయించాడు. అసలైన పోలీసు అసలైన మర్యాదతో, ఖాతా ఎక్కడుంది, ఎన్ని గంటలకు పోయింది అన్నీ రాసుకుని, లావాదేవీకి సంబంధించిన పన్నెండంకెల నంబరు చదవమన్నాడు. దొంగ అడిగింది ఆరే. ఇతను రెండింతలు అడుగుతున్నాడు, పైగా తెలుగు కూడా సరిగా రావడం లేదు. ఆవిడ మనవడి వైపు ఒకసారి గర్వంగా చూసి, "ఆ పప్పులు ఇక్కడ ఉడకవు బాబూ" అని ఫోను పెట్టేసింది.